గొట్టం అంచున ఎర్ర గుర్తు

లోతమ్మకి కన్నవాళ్లు పెట్టిన పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. ఈ పేరు తగిలించినవాడు బావ, అంటే అక్క మొగుడు. ఎవరింటికెళ్లినా "మీ బావి లోతెంతండీ?" అని అడుగుతుందని, మంచినీళ్లిచ్చిన గ్లాసులోకి కూడా ఓసారి తొంగిచూసి గానీ తాగదని వెక్కిరించి వెక్కిరించి వీధి మొత్తానికి ఆ పేరు అంటించాడు. ఆమె ఏమీ అనుకోలేదు. పెళ్లెందుకు చేసుకోలేదని ఎవరైనా ఆరా తీస్తే, మనిషి లోతు కొలిచే టేపు ఇంకా ఎవరూ కనిపెట్టలేదని చెప్పి దాటేసేది. నలభై ఆరేళ్లొచ్చేసరికి ఆ అడిగేవాళ్లూ మానుకున్నారు.

ఆమె పనిచేసేది నీటి కొలతల ఆఫీసులో. వాగు మీద రెండు వంతెనల దగ్గర ప్రవాహం కొలవాలి. ఊరి చుట్టూ తొమ్మిది చోట్ల పాతిన ఇనప గొట్టాల్లో భూమి లోపలి నీటిమట్టం చూడాలి. ఈ పనికి ఏం చదువు చదివిందని మాత్రం అడక్కండి. ఆ ఆఫీసులోకి ఆమె అడుగుపెట్టింది చీపురు పట్టుకుని.

ఆమెకి పని నేర్పినాయన్ని అందరూ మాస్టారనేవారు. నిజానికి ఆయన బడిలో ఒక్క రోజు పాఠం చెప్పలేదు. కొలతలు తీసే పాత ఉద్యోగి. ఎవరు తప్పు చేసినా వరండాలో నిలబెట్టి గంటసేపు వివరించే అలవాటుంది గనక మాస్టారయ్యారు. ఒకరోజు వాగులో తాడు రెండో కొస పట్టుకునే మనిషి రాలేదు. మాస్టారు చిరాకుగా అటూ ఇటూ చూస్తే గది ఊడుస్తున్న ఈమె కనబడింది.

"ఏమ్మా, ఈత వచ్చా?"

"రాదండి."

"మంచిదే. ఈత వచ్చినవాళ్లకి భయం ఉండదు, ఎక్కడ పడితే అక్కడ దిగుతారు. చీపురు అక్కడ పెట్టి రా."

అలా మొదలైంది. వాగుకి అడ్డంగా ఈ గట్టు నుంచి ఆ గట్టుకి తాడు కట్టేవారు. తాడుకి అరమీటరుకో ముడి. ఒక్కో ముడి దగ్గరా కర్ర దించి లోతు చూడాలి. తర్వాత చిన్న గిన్నెలు గిరగిరా తిరిగే మీటరు దించి, చెవికి పెట్టుకున్న గొట్టంలో వినబడే టిక్కులు నిమిషం పాటు లెక్కపెట్టాలి. టిక్కుల్ని బట్టి వేగం. లోతుని వెడల్పుతో, దాన్ని వేగంతో హెచ్చవేస్తే ఆ ముక్కలోంచి సెకనుకి ఎన్ని నీళ్లు పోతున్నాయో తేలుతుంది. ముక్కలన్నీ కూడితే మొత్తం వాగు. లోతమ్మకి ఏడో తరగతి హెచ్చవేతలు వచ్చు. పాతికేళ్ల వయసులో మళ్లీ పలక పట్టుకున్నట్టయింది ఆమెకి.

అయితే మాస్టారు అంత తేలిగ్గా మీటరు చేతికిచ్చే మనిషి కాదు. ఆరు నెలలు బకెట్టూ గడియారమే గతి. చిన్న కాలవ తూము కింద బకెట్టు పెట్టడం, ఎన్ని సెకన్లకి నిండిందో రాసుకోవడం, పారబోయడం, మళ్లీ పెట్టడం. ఒకే తూము దగ్గర ఇరవైసార్లు చేయించేవారు. ఇరవైసార్లూ ఇరవై అంకెలొస్తే ఆమెకి ఏడుపొచ్చేది.

"ఏది నిజమండీ ఇందులో?"

"ఏదీ కాదు. అన్నీ దగ్గర దగ్గరగా ఉన్నాయా లేదా అది చూడు. ఒక్కసారి కొలిచి ఇదే నిజమని చెప్పేవాడు ఉన్నాడే, వాణ్ని నమ్మకు."

ఆమెని ఈ పనికి కట్టిపడేసింది మాత్రం ఎండాకాలంలో జరిగిన ఒక సంగతి. ఎగువ వంతెన దగ్గర కొలిచారు, రెండు మైళ్ల దిగువన రెండో వంతెన దగ్గర కొలిచారు. దిగువన నీళ్లెక్కువ. మధ్యలో ఒక్క కాలవ కలవదు, ఒక్క చినుకు పడలేదు. తానే ఎక్కడో తప్పు లెక్కపెట్టానని లోతమ్మ హడలిపోయింది. మాస్టారు ఏమీ చెప్పకుండా, ఆ ఎక్కువ నీళ్లు ఎక్కడివో నువ్వే చెప్పమన్నారు. రెండు రోజులు ఆమెకి అన్నం సయించలేదు. మూడో రోజు గట్టు పక్కన ఇసకలో కాలు పెడితే చల్లగా తగిలి, పాదం చుట్టూ నీరు ఊరింది. పరుగున వచ్చి, నీళ్లు కిందనుంచి వస్తున్నాయండీ, నేలే వాగుకి పోస్తోందండీ అని చెప్పింది. మాస్టారు ఆమెకి టీ పోయించారు. ఆయన ఆ ఆఫీసులో ఇంకొకరికి టీ పోయించగా చూసినవాళ్లు లేరు.

ఆ తర్వాత నేల కింద ఏముందో తెలుసుకోవాలని ఆమెకి పిచ్చి పట్టింది. గొట్టాల పని అప్పుడు నేర్పారు. ఇనప టేపు చివర మీటరు పొడవునా సుద్ద రాయాలి. గొట్టంలోకి దించి, పై అంచున ఉన్న ఎర్ర గుర్తు దగ్గర ఒక నిండు అంకె పట్టుకోవాలి. పైకి లాగితే సుద్ద ఎంతవరకు తడిసిందో తెలుస్తుంది. పట్టుకున్న అంకెలోంచి తడిసినంత తీసేస్తే అంచు నుంచి నీళ్లదాకా లోతు. అందులోంచి, నేల మీద గొట్టం ఎంత ఎత్తు ఉందో అది కూడా తీసేస్తే, నేల నుంచి లోతు. పక్కన ఎవరి మోటారైనా నడుస్తుంటే కొలవకూడదు. రెండుసార్లు కొలిస్తే రెండూ ఒక సెంటీమీటరు తేడాలో ఉండాలి. ఇవన్నీ ఆమె నెలరోజుల్లో పట్టేసింది.

"గొట్టం దగ్గరికి పోగానే ముందు అంచు ఎత్తు చూడు," అనేవారు మాస్టారు. "తర్వాతే టేపు దించు."

మొదటి రెండేళ్లు ప్రతిసారీ చూసింది. ఇనప గొట్టం పెరుగుతుందా, తరుగుతుందా? తర్వాత్తర్వాత ఏడాదికోసారి చూసేది. మాస్టారు పదవీ విరమణ చేసి, మరో మూడేళ్లకి కన్నుమూశాక, అదీ పోయింది. ఇందులో ఆమెని ఒక్కదాన్నే తిట్టిపోయడానికి లేదు. ఏళ్ల తరబడి కదలనిదాన్ని రోజూ కొలిచే ఓపిక మనలో ఎందరికుంది?

ఇక అక్క సంగతి. అక్కా బావలది మొక్కల నర్సరీ. వీధి చివర అరెకరం స్థలం, నల్ల ప్లాస్టిక్ సంచుల్లో వేల మొక్కలు, మధ్యలో గుండ్రటి సిమెంటు ఒరలు ఒకదాని మీద ఒకటి దింపిన బావి. ఆ బావి నీళ్లే వాళ్ల బతుకు. ఎదుగూ బొదుగూ లేదని అక్క సణిగేది గానీ తెల్లారితే పైపు పట్టుకుని వరసల మధ్య తిరిగే మనిషి ఆమే. లోతమ్మ ఆ వీధిలోనే ఒక మేడమీద గదిలో ఉండేది. ఆదివారాలు భోజనం అక్క ఇంట్లో. ఆఫీసు గొట్టాల్లో ఏడో నంబరు నర్సరీ గోడకి ఆనుకునే ఉంది. అందులో నీళ్లు ఎంత లోతున ఉంటే, ఇవతల బావిలోనూ అంతే లోతున.

ఆ ఏడాది వానాకాలంలో లోతమ్మకి జ్వరమొచ్చి రెండు వారాలు మంచం దిగలేదు. అప్పుడే ఆఫీసువాళ్లు గొట్టాలన్నిటికీ తాళం మూతలు పెట్టించారు. పిల్లలు రాళ్లు వేస్తున్నారని ఎప్పట్నుంచో ఉన్న ఫిర్యాదు. వెల్డింగు మనిషి పనిమంతుడు. ఏడో నంబరు గొట్టం పైభాగం తుప్పుపట్టి, మూత నిలవకపోతే, ఆ పాడైన ముక్క శుభ్రంగా కోసేశాడు. కోసిన కొత్త అంచుకి మూత బిగించి, పాత గుర్తు ఎక్కడుందో సరిగ్గా ఆ వైపునే ఎర్రరంగుతో కొత్త గుర్తు పెట్టాడు. ఎవరికీ చెప్పలేదు. చెప్పాలని అతనికెవరు చెప్పారు గనక?

జ్వరం తగ్గి లోతమ్మ వచ్చేసరికి మూత కొత్తది, తాళం కొత్తది, గుర్తు కూడా కొత్తది. ఇన్నేళ్లకి రంగు వేశారని సంతోషించింది. వంగినప్పుడు నడుము పట్టేస్తే జ్వరం నీరసమనుకుంది. టేపు దించితే నీళ్లు అంతకుముందు కన్నా మూరెడు పైకి కనబడ్డాయి. రెండోసారీ అంతే వచ్చింది. ఆ రెండు వారాలూ కుండపోత వానలు, వాగు కూడా పొంగింది. ఎండలో వాగుకి పోసిన నేల వానల్లో తిరిగి నింపుకుందని మురిసిపోయి, రిజిస్టరులో రాసుకుంది.

ఆ వేసవికి లెక్క చూస్తే నిరుడు ఇదే నెలలో ఎంతుందో ఈ ఏడాదీ అంతే. నీటిమట్టం నిలకడగా ఉందని ఆఫీసు పైకి రాసింది. ఎగువన కొత్తగా లేచిన ఫ్లాట్లవాళ్లు పదహారు బోర్లు వేసినా ఏమీ కాలేదన్నమాట. నేల మాత్రం వేరే కబురు చెబుతూనే ఉంది. ఆ చైత్రంలో దిగువ వంతెన దగ్గర నీళ్లు ఎగువకన్నా తక్కువొచ్చాయి. మీటరులో బేరింగు అరిగిందని ఆమె దాన్ని మరమ్మతుకి పంపింది. మోటారు గాలి పీలుస్తోందని అక్క రెండుసార్లు చెప్పింది.

"ఫుట్‌వాల్వు పోయుంటుందక్కా, మార్పించు."

"మార్పించానే. మళ్లీ అదే పాట."

"నీళ్లున్నాయి. నేను వారం వారం చూస్తున్నాగా."

గోడౌను కడతానని ఒకాయన ఆ స్థలం అడగడానికొచ్చింది కూడా అప్పుడే. ఇంకోచోట నీళ్లున్న నేల కొనుక్కుందామా అని బావ మెత్తబడ్డాడు. అక్క అయితే సగం సంచులు సర్దేసినంత పని చేసింది. ఇద్దరూ లోతమ్మని అడిగారు. ఉన్నచోటే ఉండండి, నీళ్లకి ఢోకా లేదని ఆమె గుండెమీద చెయ్యేసుకుని చెప్పింది. ఆ గోడౌనాయన వేరే స్థలం చూసుకున్నాడు.

మే నెలలో బావి ఎండింది. అడుగున బురద కూడా లేదు. మూడు రోజుల్లో మల్లె అంట్లు వాడిపోయాయి. లోతమ్మ వచ్చి తొంగిచూసి, గోడవతల గొట్టం దగ్గరికెళ్లి టేపు దించి, వెనక్కొచ్చి లెక్కగట్టింది. లెక్క ప్రకారం బావిలో జానెడు నీళ్లుండాలి. లేవంటే అడుగున పూడిక చేరినట్టే.

"జానెడు మట్టి తీస్తే చాలు బావా, ఊరతాయి. ఒరల కిందకి మాత్రం పోకు."

"లోతమ్మ చెప్పాక తిరుగేముంది?" అన్నాడు బావ. కూలీ మనుషులు వారం దాకా దొరకరు, మొక్కలు వారం ఆగవు. మర్నాడు పొద్దున తనే గునపం, పార తీసుకుని దిగాడు. పైన గిలక దగ్గర అక్క నిలబడి తట్టలు లాగింది.

మధ్యాహ్నానికి జానెడు తీశాడు. పూడిక లాగా వదులుగా లేదు, గట్టి నేల. చల్లగా ఉందిగానీ చుక్క లేదు. భోజనానికి పైకొచ్చి, అక్క లోపల వడ్డిస్తుంటే, పెరట్లో నిలబడి లోతమ్మకి ఫోన్ చేశాడు.

"నువ్వన్నంత తీశాను మరదలా. నీళ్లు రాలేదు. ఇంకా దిగితే ఒరల కింద గుల్లయ్యేట్టుంది. ఆపేయమంటావా?"

ఆమె అప్పుడు ఆఫీసులో ఉంది. ఎదురుగా రిజిస్టరు తెరిచే ఉంది. అంకె చూసింది.

"రావాలి బావా. లెక్క తప్పే ప్రసక్తే లేదు. ఇంకో జానెడు చూడు."

భోజనం చేసి అతను మళ్లీ దిగాడు. నాలుగు తట్టలు పైకొచ్చాక ఇక చాలు, పైకి రమ్మని అక్క అరిచింది. "నాకు తెలుసులే," అని కిందనుంచి జవాబొచ్చింది. ఆరో తట్టకి తడి మట్టి వచ్చింది. నీళ్లు తగిలాయని అతను కేకేశాడు. ఆ నీళ్లకే ఒరల కింద ఇసక కరిగింది. కింది ఒర పక్కకి జారింది, దానిమీద ఉన్నవన్నీ దిగాయి.

సాయంత్రం దాకా పట్టింది బయటికి తీయడానికి. అతన్ని పైకి తెచ్చేసరికి గుంటలో మోకాలి లోతు నీళ్లున్నాయి.

వీధి వీధంతా వచ్చి ఓదార్చింది. ఓదార్పులో ఒకే మాట. మరదలు జానెడని చెప్తే ఇతను రెండు జానలు తవ్వాడు, పెళ్లాం రమ్మన్నా రాలేదు, మొండితనం ప్రాణం తీసింది. అక్క కూడా అదే అంది. లోతమ్మ పక్కనే కూర్చుని వింది. మధ్యాహ్నం ఫోన్ సంగతి ఆమె బయటపెట్టలేదు. ఆమెని వెనకేసుకురావడానికి ఇక్కడ నాకు మాట దొరకడం లేదు. భయపడింది, అంతే.

పదిహేను రోజులకి మళ్లీ ఏడో నంబరు గొట్టం దగ్గర నిలబడింది. లెక్క తప్పకపోతే నీళ్లు అంత కిందకి ఎందుకున్నట్టు? సంచిలోంచి రిజిస్టరు తీసి మొదటి పేజీ తిప్పింది. మాస్టారి చేతిరాత. "అంచు నేల నుంచి తొంభై అయిదు సెంటీమీటర్ల ఎత్తు." ఆమె నేలమీద మోకాళ్లూని టేపు నిలబెట్టింది. యాభై. మళ్లీ పెట్టింది. యాభై. ఇంకోవైపు నుంచి పెట్టింది. వారం వారం తను తీసేసింది మాత్రం తొంభై అయిదు. కోసిన మూరెడు గొట్టం గోడ పక్కన గడ్డిలోనే పడి ఉంది, దాని కొసన వెలిసిపోయిన పాత ఎర్ర గుర్తు ఇంకా తెలుస్తూనే ఉంది.

ఆఫీసులో పెద్దసారుకి అంతా చెప్పింది. ఆయన కళ్లద్దాలు తుడుచుకుంటూ అన్నారు.

"నీ బాధ అర్థమైంది. ఇకమీదట సరిగ్గా రాయి. పాతవి ముట్టుకోకు, పైకి పోయిన లెక్క అది. బోర్లకి అనుమతులు కూడా దాని మీదే ఇచ్చారు."

ఆమె ముట్టుకుంది. ఆ సాయంత్రమే ఎర్ర సిరాతో నలభై మూడు వారాల అంకెలు దిద్ది, ప్రతి వరసకీ సంతకం పెట్టింది. వారం తిరక్కుండా ఆమెని కొలతల నుంచి తప్పించి సామాన్ల గదిలో కూర్చోబెట్టారు. బోర్లు పదహారూ నడుస్తూనే ఉన్నాయి. సామాన్ల గదిలో పాత తాళ్లు, పగిలిన మీటర్లు లెక్కపెట్టుకుంటూ ఆమె నాలుగు నెలలు గడిపింది. రిజిస్టరు దిద్దడానికి ఒక్క పూట పట్టింది. అక్కకి చెప్పడానికి ఆ నాలుగు నెలలూ చాలలేదు.

అక్క నర్సరీ మూసేసింది. ఒక ఆదివారం ఇద్దరూ ఖాళీ సంచులు మడిచి కట్టలు కడుతున్నారు. బావిమీద రేకు కప్పి ఉంది. అక్క ఎప్పటిలాగే మొదలుపెట్టింది.

"జానెడని చెప్పావు నువ్వు. అక్కడికి ఆగితే ఏం పోయేది? ఎవరి మాటా వినడు. నన్నిలా నడివీధిలో నిలబెట్టి పోయాడు, మొండి మనిషి."

లోతమ్మ చేతిలో కట్ట కింద పెట్టింది.

"బావ మొండివాడు కాదక్కా. మధ్యాహ్నం నాకు ఫోన్ చేశాడు. నువ్వు లోపల వడ్డిస్తున్నావు. ఆపేయనా అని అడిగాడు. నేనే ఇంకో జానెడు తవ్వమన్నాను."

అక్కకి అర్థం కాలేదు. లోతమ్మ మొత్తం చెప్పింది. కోసిన గొట్టం, కొత్త గుర్తు, తను చూడని ఎత్తు, ఏడాది పాటు రాసిన తప్పు లెక్క, స్థలం అమ్మొద్దన్న మాట, ఫోన్లో అన్న ప్రతి మాటా. ఒక్కటీ దాచలేదు. అక్క తిడుతుందని, కొడుతుందని ఎదురుచూసింది. అలా చేసినా బాగుండేది.

అక్క రేకు కప్పిన బావివైపు తిరిగింది.

"నాలుగు నెలలు తిట్టానే ఆయన్ని," అంది. "పొద్దున లేవగానే తిట్టాను. వచ్చినవాళ్లందరి ముందూ తిట్టాను. దహనం రోజు కూడా, శవం పక్కన కూర్చుని, మొండి వెధవా అన్నాను."

"అక్కా..."

"నువ్వు నా పక్కనే కూర్చుని విన్నావు."

లోతమ్మ అవునంది.